అరబ్బు పాటలకు ఇంట్లో ఓ మూల, చప్పుడు చేయని గడియారం

ఊద్ అనే అరబ్బు తీగ వాయిద్యం వాయించేవాడు ఒక స్వరం మీటి, తీగ మోత పూర్తిగా చల్లారేదాకా ఆగుతాడు. ఆ ఆగడం కూడా వాయిద్యంలో భాగమే. సరిగ్గా ఆ సందులో గోడ మీద గడియారం టిక్, టిక్ అంటే ఎంత చిరాకో ఒకసారి విన్నవాళ్లకు తెలుస్తుంది. పాట తాళం ఒకటి, గడియారం తాళం ఇంకొకటి. అందుకే అరబ్బు సంగీతం వినడానికి ఇంట్లో ఒక మూల సర్దుకుందాం, గోడకు ఆ తరహా గడియారం ఒకటి పెడదాం అనుకునేవాళ్లకు ఈ రెండిటి గురించీ కలిపే చెబుతున్నాను. విడివిడిగా కొంటే అందంగానే ఉంటాయి, కానీ ఒకదాన్నొకటి పాడు చేస్తాయి.

ముందు పాటలు, తర్వాతే గోడ

అరబ్బు సంగీతం అనగానే చాలామంది నేరుగా ఉమ్ కుల్సూమ్ దగ్గరికి వెళ్తారు. ఈజిప్టు గాయని, 1975లో చనిపోయినా ఇప్పటికీ కైరో టాక్సీల్లో వినిపించే గొంతు. పేరు గొప్పదే, కానీ మొదటి మెట్టు అది కాదు. ఆమె ప్రతి నెలా మొదటి గురువారం రాత్రి ఇచ్చే కచేరీని రేడియోలో ప్రసారం చేసేవారు. పాట ఒక్కటే గంటసేపు సాగేది. ఒకే పంక్తిని మళ్లీ మళ్లీ, ప్రతిసారీ కొత్తగా పాడుతుంటే జనం మధ్యలో కేకలు వేస్తారు. చెవి సిద్ధం కాకుండా దీంట్లోకి దూకితే పది నిమిషాలకే ఫోన్ చేతిలోకి వస్తుంది.

మొదట తక్సీమ్ వినండి. తాళం లేకుండా ఒకే వాయిద్యం మీద, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే వాయింపు అది. మన ఆలాపన వినే అలవాటున్నవాళ్లకు ఇది పరాయిగా అనిపించదు. ఇరాక్‌కు చెందిన మునీర్ బషీర్ (1930–1997) ఊద్ తక్సీమ్‌లతో మొదలుపెట్టడం మంచిది. ఆయన వాయింపులో తొందర ఉండదు, మౌనాలు ఎక్కువ. గడియారం గొడవ మొదట తెలిసేది ఇక్కడే.

రెండో మెట్టు చిన్న పాటలు. లెబనాన్ గాయని ఫైరూజ్ పాటల్లో చాలా వాటి నిడివి మన సినిమా పాటంతే. రహ్బానీ సోదరులు ఆమెకు కట్టిన వరసల్లో పాశ్చాత్య ఆర్కెస్ట్రా, అరబ్బు స్వరాలు కలిసిపోయి ఉంటాయి కాబట్టి కొత్త చెవికి సులువుగా ఎక్కుతాయి. లెబనాన్, సిరియాల్లో చాలామందికి ఉదయం కాఫీతో పాటు ఫైరూజ్ పాట ఉండాల్సిందే. మీరూ ఈ పాటలను పొద్దుటి పూటకే పెట్టుకోండి.

ఆ తర్వాత ఉమ్ కుల్సూమ్. 1964లో మొహమ్మద్ అబ్దుల్ వహాబ్ వరస కట్టిన ‘ఇంత ఉమ్రీ’తో ప్రారంభించండి. గొంతు వినిపించడానికి ముందు వాయిద్యాలే చాలాసేపు నడుస్తాయి, ఎలక్ట్రిక్ గిటార్‌తో సహా. అప్పట్లో అది పెద్ద కొత్తదనం. ఆ ముందుభాగాన్ని దాటవేయకండి. రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో టీవీ కట్టేశాక, గంట తీరిక ఉన్నప్పుడే పెట్టుకోండి. సగంలో ఆపి మర్నాడు కొనసాగిస్తే ఈ పాట పాటలా ఉండదు.

ఇక్కడి నుంచి మీ ఇష్టం. ఊద్ నచ్చితే ఫరీద్ అల్ అత్రాష్, కోరస్‌తో కలిసి పాడే, సిరియాలోని అలెప్పో నగరపు పాత పద్ధతి నచ్చితే సబాహ్ ఫఖ్రీ. గల్ఫ్ దేశాల లయ కావాలంటే సౌదీ గాయకుడు మొహమ్మద్ అబ్దూ. యెమెన్‌లోని హద్రమౌత్ వాసన కావాలంటే అబూ బక్ర్ సాలెం. ఈ చివరి పేరు గుర్తుపెట్టుకోండి, దీనికీ హైదరాబాద్‌కూ ఒక దారి ఉంది. ఇంకా వెనక్కి వెళ్లాలన్న సరదా ఉంటే 1932లో కైరోలో జరిగిన అరబ్బు సంగీత మహాసభ రికార్డింగులు 18 సీడీల పెట్టెగా వచ్చాయి. ఇరాక్ గాయకుడు మొహమ్మద్ అల్ కుబ్బాంజీ అందులో ఉన్నాడు. గీకుడు చప్పుడు బాగానే ఉంటుంది, ఓపిక కావాలి.

వెతికేటప్పుడు ఒక చిట్కా. ఈ పేర్లను ఇంగ్లిషులో రకరకాలుగా రాస్తారు, ఒక్క ఉమ్ కుల్సూమ్ పేరుకే బోలెడు స్పెల్లింగులున్నాయి. ఆర్టిస్టు పేజీలో అరబ్బీలో ఉన్న పేరును కాపీ చేసి, దాన్నే సెర్చ్‌లో పెట్టండి. అసలు సరుకంతా అప్పుడు బయటపడుతుంది.

ఖురాన్ పఠనం ఎంత శ్రావ్యంగా ఉన్నా అది సంగీతం కాదు. పాటల ప్లేలిస్టులో దాన్ని కలపకండి. వినాలనుకుంటే వేరుగా, కూర్చుని, మర్యాదగా వినండి.

చెవికి ఆనవాళ్లు

కర్ణాటక సంగీతం కాస్తో కూస్తో నేర్చుకున్నవాళ్లకు ఈ సంగీతంలో సగం దారి ముందే తెలుసు. అరబ్బులు రాగం లాంటి దాన్ని మఖామ్ అంటారు. సరళీ స్వరాలు ఏ రాగంలో మొదలుపెట్టామో గుర్తుందిగా, మాయామాళవగౌళ. హిజాజ్ కార్ అనే మఖామ్ మెట్లు అవే. అజమ్ మెట్లు శంకరాభరణానివి. కుర్ద్ మెట్లు మన తోడివి. నహావంద్ ఒకసారి నటభైరవిలా, నిషాదం మారినప్పుడు కీరవాణిలా వినిపిస్తుంది. గమకాలు వేరు, నడక వేరు, కాబట్టి రెండూ ఒకటే అని వాదనకు దిగకండి. కానీ కొత్త ఊళ్లో తెలిసిన ముఖం కనిపించినట్టు ఉంటుంది.

అసలు చిక్కు రాస్త్, బయాతీ దగ్గర వస్తుంది. రాస్త్‌లో గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో ఉంటుంది. బయాతీలో రిషభానిదీ అదే కథ, శుద్ధానికీ చతుశ్రుతికీ మధ్యన. హార్మోనియం మీద ఆ మెట్టు దొరకదు. మొదట విన్నప్పుడు ‘అయ్యో, శ్రుతి తప్పింది’ అనిపిస్తుంది. తప్పలేదు. ఒక వారం రోజూ వింటే ఆ స్వరం లేనిదే వెలితిగా ఉంటుంది.

తాళానికి ఒక్కటి పట్టుకుంటే చాలు. మఖ్సూమ్ అని ఎనిమిది లెక్కల నడక ఉంది. బల్ల మీద అరచేత్తో కొడితే దుమ్, అంచున వేళ్లతో కొడితే తక్. దుమ్, తక్, ఖాళీ, తక్, దుమ్, ఖాళీ, తక్, ఖాళీ. నాలుగుసార్లు కొట్టి చూడండి. ఈజిప్టు పాటల్లోనే కాదు, మన సినిమాల్లో ‘అరబిక్ టచ్’ అంటూ వచ్చే పాటల్లోనూ ఇది వెంటనే దొరికిపోతుంది.

గది

మన ఇళ్లలో నేలంతా టైల్స్, గోడలు బోసిగా ఉంటాయి. చప్పట్లు కొడితే గణగణ తిరిగి వినిపిస్తే, ఖానూన్ లాంటి సన్నని తీగల వాయిద్యం ఆ గదిలో సీసాపెంకుల్లా మోగుతుంది. కింద మందపాటి వరంగల్ దర్రీయో, స్తోమత ఉంటే ఏలూరు తివాచీయో పరవండి. తలుపుకు గుడ్డ తెర వేయండి. పుస్తకాల బీరువా ఉంటే ఆ గదిలోకే జరపండి. డబ్బు స్పీకర్ల మీద పెట్టేముందు ఈ పని చేయండి, తేడా ఆ రోజే తెలుస్తుంది.

రెండు స్పీకర్లున్నవాళ్లు వాటినీ కుర్చీనీ మూడు మూలలుగా, దాదాపు సమాన దూరంలో ఉంచుకోండి. బ్లూటూత్ స్పీకర్ ఒక్కటే ఉందా, పర్లేదు. దాన్ని గోడ మూలలోకి నెట్టకండి, బాస్ బూస్ట్ ఆపేయండి. ఊద్ గొంతే బొంగురు. దానికి బాస్ కలిపితే బురదవుతుంది.

గడియారాన్ని చెవితో కొనండి

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ముందు గంట కొట్టే వేళకు జనం గుమిగూడతారు. బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టడం చూడ్డానికి. ఆ గడియారానికి మోగడమే అందం. మీ పాటల గదిలో దానికి ఎదురు.

మామూలు క్వార్ట్జ్ గడియారం లోపల ఒక చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఆ సంఖ్యను పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క తోపు మిగులుతుంది. ఆ తోపుతో మోటారు ఒక అడుగు వేస్తుంది. మీకు వినిపించే టిక్కు ఆ అడుగే. కాబట్టి సెకన్ల ముల్లు పీకేస్తే చప్పుడు పోతుందనుకోవద్దు. ముల్లు లేకపోయినా మోటారు అడుగులు వేస్తూనే ఉంటుంది.

మీకు కావాల్సింది ‘సైలెంట్ స్వీప్’ మెషిన్. ఇందులో సెకన్ల ముల్లు ఆగి ఆగి గెంతదు, జారుతున్నట్టు తిరుగుతుంది. పెట్టె మీద సైలెంట్ అని రాసుంటే నమ్మేయకండి. షాపులో ఫ్యాన్లు, ట్రాఫిక్ రొద మధ్య ఏ గడియారమైనా సైలెంటే. సెల్లు వేయించి, గడియారం వెనక భాగాన్ని చెవికి ఆనించి పది సెకన్లు వినండి. టిక్కు లేకపోయినా కొన్ని చవకరకాల్లో జుయ్ మనే సన్నని మోత ఉంటుంది. చెవికి ఆనించినప్పుడు మాత్రమే వినిపిస్తే ఇబ్బంది లేదు. చేతిదూరంలో కూడా వినిపిస్తే తిరిగిచ్చేయండి.

నచ్చిన గడియారం ఇంట్లో ఉండి, టిక్కు ఒక్కటే సమస్యయితే కొత్తది కొనక్కర్లేదు. వాచీ రిపేరు షాపుల్లో, ఆన్‌లైన్‌లో మెషిన్ విడిగా దొరుకుతుంది. పాతది విప్పి దీన్ని బిగిస్తే సరి. కీ ఇచ్చే పాత లోలకం గడియారమైతే మాత్రం దాని జోలికి వెళ్లకండి. టిక్ టిక్ దాని ప్రాణం. దాన్ని హాల్లో ఉంచుకోండి.

డయల్ మీద అంకెలు

అరబ్బు తరహా గడియారమంటే ఎక్కువమంది కోరుకునేది తూర్పు అరబ్బీ అంకెల డయల్. ఆన్‌లైన్‌లో దొరికే కొన్నిటిలో అంకెలు తారుమారుగా, అద్దంలో చూసినట్టు ఉంటాయి. కొనేముందు ఫోటోను పెద్దది చేసి సరిచూసుకోండి. గుర్తులు ఇవి: ఒకటి నిలువు గీత. రెండు, ఆ గీతకు తలమీద కుడివైపు ఒక వంపు. మూడు, రెండు వంపులు. నాలుగు, మన 3ను అటు తిప్పినట్టు. ఐదు, అచ్చం సున్నాలా గుండ్రం. ఆరు, ఇంగ్లిషు 7ను పోలి ఉంటుంది. ఏడు, వి అక్షరం. ఎనిమిది, అదే తలకిందులు. తొమ్మిది, మన 9. సున్నా, ఒక చుక్క.

అరబ్బీ కుడి నుంచి ఎడమకు రాస్తారు కదా అని అంకెలు కూడా తిరగేసి ఉంటాయనుకుంటాం. ఉండవు. పదుల అంకె ఎడమనే ఉంటుంది. కాబట్టి పది దగ్గర ముందు గీత, దానికి కుడివైపు చుక్క ఉండాలి. చుక్క ముందుంటే ఆ డయల్ తప్పు. నాలుగు, ఐదు, ఆరు వేరే ఆకారంలో కనిపిస్తే మాత్రం కంగారుపడకండి, అవి ఫారసీ, ఉర్దూ పద్ధతి అంకెలు కావచ్చు. ఐదు తలకిందుల గుండె ఆకారంలో ఉంటే అది దాదాపుగా ఆ పద్ధతే.

డయల్ మీద ఖురాన్ వాక్యం, అల్లా పేరు ఉన్న గడియారాలూ ఉంటాయి. చూడ్డానికి బంగారంలా మెరుస్తాయి. పాటలు, ఆటలు ఉండే గదికి, చెప్పుల స్టాండు పైన, బాత్‌రూమ్ గోడకు అవి తగవు. అలంకారమే కావాలంటే అంకెలు, నక్షత్రాల డిజైన్లు ఎంచుకోండి. ఏం రాసుందో తెలియకపోతే ఫోన్ కెమెరాలో అనువాదం పెట్టి చూసుకోండి, ఒక్క నిమిషం పని.

చేతులతోనే చేసుకోవాలంటే

నా ఓటు దీనికే. బయట రెండు మూడు వేలకు అమ్మే డిజైను కన్నా మీరు గీసింది బాగుంటుంది, మెషిన్ కూడా మీకు నచ్చిందే పెట్టుకోవచ్చు.

కావాల్సినవి: 12 అంగుళాల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి ప్లైవుడ్ చెక్క, సైలెంట్ స్వీప్ మెషిన్, ముళ్ల సెట్టు, గరుకు కాగితం, రంగు, వృత్తలేఖిని. ఎండీఎఫ్ చవకే గానీ విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో అంచులు తేమకు ఉబ్బుతాయి. ప్లైవుడ్డే మేలు. మెషిన్ కొనేటప్పుడు చూడాల్సింది మరలున్న గొట్టం పొడవు. చెక్క మందం కన్నా నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, లేకపోతే ముందువైపు నట్టు పట్టదు. పెద్ద ఇత్తడి ముళ్లు పెట్టాలనుకుంటే హై టార్క్ మెషిన్ అడగండి. మామూలుది బరువైన ముల్లును తొమ్మిది నుంచి పన్నెండు వైపు ఎక్కించలేక చతికిలబడుతుంది.

గీయడం ఇలా. చెక్క మధ్యలో వృత్తలేఖిని ఆనించి ఒక పెద్ద వృత్తం గీయండి. వ్యాసార్ధం మార్చకుండా అదే కొలతతో వృత్తం అంచున గుర్తులు పెట్టుకుంటూ వెళ్తే సరిగ్గా ఆరు గుర్తులొస్తాయి. ఒక్కో జత నడుమ సగం పెడితే పన్నెండు. కోణమానినితో పనే లేదు.

ఇప్పుడు నక్షత్రం. ఇస్లామీ కళలో ఎక్కువగా కనిపించేది ఎనిమిది మొనల నక్షత్రం, ఒక చతురస్రం మీద ఇంకో చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి గీసింది. దాన్ని గడియారం మీద వేస్తే 12, 3, 6, 9 దగ్గర తప్ప మొనలు గంటల గుర్తుల్ని తాకవు, ఏదో పొరపాటు జరిగినట్టు ఉంటుంది. కాబట్టి పన్నెండు మొనల నక్షత్రం వేయండి. 12, 3, 6, 9 కలిపితే ఒక చతురస్రం. 1, 4, 7, 10 కలిపితే రెండోది. 2, 5, 8, 11 కలిపితే మూడోది. అంతే, నక్షత్రం దానంతట అదే తేలుతుంది. గీతలు ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటా ఒకసారి పైన, ఒకసారి కింద పోయినట్టు రంగు వేస్తే అల్లిన బుట్టలా కనిపిస్తుంది. ముదురు నీలం మీద పాలిపోయిన బంగారు రంగు బాగుంటుంది. మెరుపు కాగితాలు అంటించకండి, రాత్రి లైటు పడితే టైమే కనిపించదు. అంకెలు చేత్తో రాయడం భయమైతే ఫోన్‌లో అరబ్బీ కీబోర్డు పెట్టుకుని టైపు చేసి, స్టిక్కర్ ప్రింట్ తీయించుకోండి.

బిగించే వరస మారకూడదు. మధ్యలో గొట్టానికి సరిపడా రంధ్రం చేయండి, మామూలుగా 8 మిల్లీమీటర్లు, అయినా మీ మెషిన్ కొలిచి చూసుకోండి. మెషిన్‌కూ చెక్కకూ మధ్య రబ్బరు వాషర్. గొట్టం ముందుకు తీసి ఇత్తడి వాషర్, నట్టు. నట్టును వేళ్లతో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు మాత్రమే తిప్పండి. తర్వాత చిన్న ముల్లును నేరుగా పన్నెండు మీద ఉండేలా నొక్కండి. పెద్ద ముల్లు కూడా పన్నెండు మీదే. చివరగా సెకన్ల ముల్లు. పక్కనుంచి కన్ను ఆనించి చూడండి, మూడు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా సమాంతరంగా ఉండాలి. వెనకనున్న చక్రం తిప్పి ఒక పూర్తి పన్నెండు గంటలు తిప్పి చూశాకే సెల్లు వేయండి. టైము పెట్టేటప్పుడు కూడా ఆ చక్రమే తిప్పాలి, ముళ్లను వేలితో నెట్టకూడదు.

గోడకు తగిలించడం

డయల్ మధ్యభాగం నేల నుంచి ఐదు, ఐదున్నర అడుగుల ఎత్తులో ఉంటే కూర్చున్నా నిలుచున్నా కనిపిస్తుంది. మనవాళ్లు అలవాటుగా తలుపు పైన, సీలింగుకు ఆనేలా పెడతారు. సెల్లు మార్చాలంటే స్టూలు వేయాలి, అందుకే అవి నెలలకొద్దీ ఆగి ఉంటాయి. ఏ దిక్కు గోడ అనేది మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగేయండి. దక్షిణం గోడకు వద్దంటే వద్దు, దానికోసం గొడవెందుకు.

డ్రిల్లింగుకు ముందు స్విచ్ బోర్డు ఎక్కడుందో చూడండి. గోడ లోపల కరెంటు తీగల పైపు సాధారణంగా బోర్డు నుంచి నిట్టనిలువుగా పైకో, అడ్డంగానో పోతుంది. ఆ వరసలో రంధ్రం పెట్టొద్దు. 6 మిల్లీమీటర్ల బిట్, ప్లాస్టిక్ ప్లగ్గు, ఒకటిన్నర అంగుళాల స్క్రూ చాలు. సున్నం గోడకు మేకు కొడితే నెల తిరక్కుండానే పెచ్చుతో సహా గడియారం కిందికొస్తుంది.

స్పీకర్‌కు సరిగ్గా పైన మాత్రం తగిలించకండి. దర్బూకా అనే అరబ్బు డోలు మీద దుమ్ పడ్డప్పుడల్లా గడియారం అద్దమో చెక్కో గోడకేసి గరగరమంటుంది. ఎక్కడి నుంచి వస్తోందో తెలియక స్పీకర్ పాడైందనుకుంటారు. గడియారం వెనక నాలుగు చోట్ల ఫెల్ట్ బిళ్లలు అంటిస్తే ఆ గొడవ పోతుంది. కుర్చీలకాళ్ల కింద వేసేవే.

ఇంట్లో ఎవరైనా గల్ఫ్‌లో ఉంటే ఒకే రకం డయల్‌తో రెండు గడియారాలు పెట్టుకోవడం ముచ్చటగా ఉంటుంది, పనికీ వస్తుంది. దుబాయ్, మస్కట్ మనకన్నా గంటన్నర వెనక. కువైట్, ఖతార్, బహ్రెయిన్, సౌదీ రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి 9 అయితే దుబాయ్‌లో ఏడున్నర, కువైట్‌లో ఆరున్నర. అక్కడ ఎండాకాలానికి గడియారాలు మార్చే పద్ధతి లేదు కాబట్టి ఒకసారి పెడితే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

అటక మీది క్యాసెట్లు

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ వైపు చాలా ఇళ్లలో గల్ఫ్ నుంచి తెచ్చిన టూ-ఇన్-వన్, దాంతో పాటు ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు ఉంటాయి. అందులో తెలుగు పాటల నడుమ నాలుగైదు అరబ్బీవి తప్పకుండా ఉంటాయి. పారేయకండి. గల్ఫ్ గాయకుల ఆ నాటి క్యాసెట్లలో కొన్ని ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరకవు.

ముందు క్యాసెట్టు పై అంచునున్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయండి. పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాట చెరగదు. బూజు తెల్లగా కనిపిస్తే ప్లేయర్‌లో పెట్టొద్దు, ఆ బూజు హెడ్‌కు అంటుకుని తర్వాతి క్యాసెట్టుకూ పాకుతుంది. మంచివాటిని పెన్సిలుతో ఒక చుట్టు తిప్పి, టేపు బిగుసుకోలేదని చూసి, ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి మళ్లీ వెనక్కి తిప్పండి. హెడ్‌ను దూదిపుల్లతో, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవండి.

ప్లేయర్ లైన్ అవుట్ నుంచి, అది లేకపోతే హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కు వైరు కలపండి. లైన్ ఇన్ లేని ల్యాప్‌టాప్‌కు చిన్న యూఎస్‌బీ ఆడియో అడాప్టర్ కావాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, స్టీరియో పెట్టుకుని, పాటలో పెద్ద చప్పుడు వచ్చిన చోట మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. సీ-60 క్యాసెట్టుకు ఒక్కో వైపు అరగంట. డబ్ల్యూఏవీ ఫైలు నిమిషానికి పది ఎంబీ చొప్పున ఒక క్యాసెట్టు ఆరు వందల ఎంబీ పైచిలుకు అవుతుంది. నాయిస్ రిడక్షన్ మీద ఉత్సాహం చూపకండి. టేపు బుస పోతుంది, దాంతోపాటే నాయ్ అనే వేణువులోని ఊపిరీ పోతుంది.

పాత 78 ఆర్‌పీఎం రికార్డులు దొరికితే రెండు మాటలు. వాటికి ఎల్పీ ముల్లు పనికిరాదు, వెడల్పు ముల్లు వేరే ఉంటుంది. వాటిని ఆల్కహాలుతో తుడవకూడదు. ఆ రికార్డుల్లో ఉండేది లక్క, ఆల్కహాలులో కరిగిపోతుంది.

హైదరాబాద్ సరుకు: మర్ఫా

అరబ్బు సంగీతపు వాసన కోసం కైరోదాకా వెళ్లనక్కర్లేని వాళ్లు కూడా ఉన్నారు. నిజాంల సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు హైదరాబాద్ వచ్చారు. వాళ్ల వారసులు బార్కస్, ఏసీ గార్డ్స్ ప్రాంతాల్లో ఇప్పటికీ ఉన్నారు. మర్ఫా అనే ఈ డోలు వాయింపు వాళ్లతో వచ్చిందే. మర్ఫా డోలు, ఢోలక్, స్టీలు బిందె, తాపీ అనే చెక్క పలకలతో పెళ్లి ఊరేగింపు ముందు వాయిస్తారు. తీన్‌మార్ దెబ్బకు కాళ్లు ఆడనివాళ్లు హైదరాబాద్‌లో తక్కువ. అబూ బక్ర్ సాలెం పాట విన్నాక మర్ఫా వింటే, ఆ డప్పు నడకలో చుట్టరికం పట్టుబడుతుంది.

దీనికి మంచి స్టూడియో రికార్డింగులు అరుదు. అందుకే అవకాశం వచ్చినప్పుడు మీరే తీసుకోండి. ముందు బృందం పెద్దను అడగండి, పెళ్లివాళ్లనూ అడగండి. ఫోన్ పట్టుకుని డోలు పక్కన నిలబడితే చప్పుడంతా పగిలిపోయి చెత్తగా వస్తుంది. పదిహేను అడుగుల వెనక్కి, వాయించేవాళ్లకు కాస్త పక్కగా, ఫోన్ మైకు రంధ్రం వాళ్ల వైపు ఉండేలా పట్టుకోండి. ఫోన్‌లో మామూలు వీడియో కన్నా రికార్డర్ యాప్‌లో, లెవెల్ చేత్తో తగ్గించుకునే వీలున్నది వాడండి. ఊరేగింపు కదులుతుంటే మీరూ దాంతో నడవకండి. ఒక చోట నిలబడి, అది దగ్గరికి వచ్చి దాటి పోయేదాకా ఆపకుండా రికార్డు చేయండి. ఇంటికొచ్చాక ఫైలు పేరులో తేదీ, వీధి, బృందం పేరు అప్పుడే రాసేయండి. రెండు చోట్ల కాపీ పెట్టుకుని, ఒక కాపీ వాయించినవాళ్లకూ పంపండి.